వాళ్లది బడా, కొట్టా? ఆన్‌లైన్ కోర్సు మానేశాక మిగిలే ఫీజు తగాదా

మా మేనకోడలు గాజువాక నుంచి వచ్చీ రాగానే ఫోను నా చేతిలో పెట్టింది. తెర మీద ఒక రసీదు. కోర్సు ఫీజు 1,20,000 రూపాయలు. దాని కింద ఐజీఎస్టీ 18 శాతం, 21,600. మొత్తం 1,41,600. ఉద్యోగం చేసుకుంటూ ఇంటి నుంచే పూర్తి చేయగల, ‘ఎంబీఏతో సమానమైన’ కోర్సు అని చేర్చుకున్నారు. అయిదు వారాలు పాఠాలు విన్నాక, ఆ సంస్థకు డిగ్రీ ఇచ్చే హక్కే లేదని తెలిసి మానేసింది. మానేయడమంటే లాగిన్ కావడం ఆపేసింది, తనను చేర్పించిన కౌన్సెలర్ ఫోను ఎత్తడం ఆపేసింది, వాయిదా తేదీకి ఖాతాలో డబ్బు లేకుండా చూసుకుంది. రెండు వాయిదాలు వెనక్కి పోయేసరికి, ఫీజుకు అప్పిచ్చిన రుణ సంస్థ నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

“చదవని చదువుకు ఇంకా కట్టడమేమిటి మామయ్యా? అసలు గుర్తింపే లేని బడికి ఫీజేమిటి?” అంది.

నేను బ్యాంకులో రుణాల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఇలాంటి కాగితాలు పట్టుకుని బంధువులు, ఇరుగుపొరుగు రావడం ఈ మధ్య ఎక్కువైంది. ఒకప్పుడు విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్‌కు డబ్బు కట్టి మానేస్తే, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ కౌంటరు ముందు నిలబడి అడిగేవాళ్లం. సగమో పావలా వంతో రాబట్టుకుని, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు సంస్థ ఒక రాష్ట్రంలో, అప్పిచ్చినవాడు మరో రాష్ట్రంలో ఉంటాడు. మనకు తెలిసిన మనిషి ఒక్క కౌన్సెలరే. డబ్బు చేతులు మారాక అతని నంబరు కూడా పలకదు.

మేనకోడలు అడిగింది ఒక్క ప్రశ్నలా వినిపిస్తుంది గాని, అందులో రెండున్నాయి. గుర్తింపు లేదన్నది ఒకటి, ఫీజు కట్టాలా అన్నది మరొకటి. గుర్తింపు లేదు కనుక పైసా కూడా కట్టనక్కర్లేదని విద్యార్థి అనుకుంటాడు. సంతకం పెట్టావు కనుక మొత్తం కట్టాలని సంస్థ అంటుంది. రెండూ తప్పే.

గుర్తింపు లేకుండా ఇలాంటి కోర్సులు నేర్పడం మన దేశంలో నేరం కాదు. కోడింగ్, స్పోకెన్ ఇంగ్లిషు, వంట, అకౌంట్లు ఎవరైనా నేర్పవచ్చు, నేర్చుకున్నట్టు ఒక కాగితమూ ఇవ్వవచ్చు. చట్టం అడ్డుపడేది డిగ్రీ దగ్గర. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు కేంద్ర, రాష్ట్ర చట్టాల ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, ఆ హోదా పొందిన డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. తర్వాతి సెక్షన్ ప్రకారం, అలా ఏర్పడని సంస్థ తన పేరులో విశ్వవిద్యాలయం అన్న మాట పెట్టుకోకూడదు. ఉల్లంఘిస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా. వెయ్యికి విలువున్న రోజుల్లో రాసిన అంకె అది, ఇప్పుడు చూస్తే నవ్వు వస్తుంది. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో విశాఖపట్నం చిరునామాతోనూ ఒకటి ఉంది. కనుక ఇది ఎక్కడో ఉత్తరాదిలో జరిగే వ్యవహారమని అనుకోనక్కర్లేదు.

అసలైన విశ్వవిద్యాలయమైనా సరే, ఆన్‌లైన్‌లో డిగ్రీ ఇవ్వాలంటే 2020 సెప్టెంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ఆ కోర్సుకు విడిగా అర్హత ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది. అంతటి పాత సంస్థలో చేరేవారు కూడా యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ ఏడాది, ఆ కోర్సు ఉందో లేదో చూసుకునే చేరాలి. ఇంకో తేలిక గుర్తు ఉంది. 2024 నుంచి ఆన్‌లైన్, దూరవిద్యా డిగ్రీలలో చేరే విద్యార్థి ముందుగా యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ అనే నంబరు తీసుకోవాలి. డిగ్రీ అని చెప్పి, ఆ నంబరు ఊసే ఎత్తకుండా డబ్బు కట్టించుకున్నారంటే అది డిగ్రీ కాదు.

ఐఎస్ఓ సర్టిఫికెట్టు, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను, సొసైటీల చట్టం కింద నమోదు పత్రం, ఇవేవీ చదువుకు గుర్తింపు కావు. బ్రోషరులో మూడు సింహాల గుర్తు పక్కన వీటిని వరుసగా అచ్చేస్తారు. చూసినవాడు ప్రభుత్వమే పక్కన నిలబడిందనుకుంటాడు. న్యాక్ గ్రేడు మళ్లీ వేరే సంగతి. ఉన్న సంస్థ నాణ్యతకు వేసే మార్కు అది, డిగ్రీ ఇచ్చే హక్కును అది పుట్టించదు.

కాబట్టి సంస్థకు గుర్తింపు ఉందా లేదా అన్నదాని కంటే, ఉన్నట్టు మీకు చెప్పారా అన్నదే తగాదాకు ప్రాణం. “ఇది మా సొంత సర్టిఫికెట్టు, డిగ్రీ కాదు” అని నిజం చెప్పి చేర్చుకున్న సంస్థ మీద గుర్తింపు లేదని పోట్లాడితే నిలవదు. ‘డిగ్రీతో సమానం’, ‘ప్రభుత్వోద్యోగాలకు చెల్లుతుంది’ అని చెప్పి చేర్చుకుంటే కథ మారుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17, 18 సెక్షన్లు మోసాన్ని, తప్పుడు సమాచారాన్ని నిర్వచిస్తాయి. 19వ సెక్షన్ అలా కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కును మోసపోయినవాడికి ఇస్తుంది. రద్దయితే ఎవరు పొందింది వారు తిరిగి ఇచ్చేయాలి. మా మేనకోడలి వాట్సాప్‌లో కౌన్సెలర్ పంపిన ఒక వాక్యం దొరికింది: ‘మేడమ్, సర్టిఫికెట్టు గవర్నమెంటు జాబ్స్‌కు కూడా చెల్లుతుంది’. ఆ ఒక్క వాక్యం నలభై పేజీల నిబంధనల పత్రం కంటే బరువైనది.

యూజీసీ 2018లో ఇచ్చిన ఫీజు వాపసు ఉత్తర్వును చాలామంది ఇక్కడ ప్రయోగించబోతారు. ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజుల ముందు మానేస్తే మొత్తం, ఆ తేదీ దాటాక 15 రోజుల లోపు అయితే 80 శాతం, నెల లోపు అయితే 50 శాతం అని మెట్లు మెట్లుగా ఉంటుంది. యూజీసీ పరిధిలోని సంస్థలకే అది వర్తిస్తుంది. యూజీసీ గుర్తించని సంస్థను యూజీసీ నిబంధన చూపించి బెదిరించలేం. ఈ తగాదాలో మొదటి చేదు అదే.

అప్పుడు సంస్థ తన నిబంధనల పత్రం తీస్తుంది: ఏడు రోజులు దాటితే వాపసు లేదు, మానేసినా మొత్తం ఫీజు బాకీయే. ఇక్కడ కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి. ఒప్పందం తప్పినవాడు ఇంత కట్టాలని పత్రంలో రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం మాత్రమే. రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి, అంతే. గదిలో కూర్చోబెట్టి చెప్పే కోచింగ్‌వాళ్లు, ‘నువ్వు ఖాళీ చేసిన సీటు ఏడాదంతా ఖాళీగానే ఉంటుంది’ అని వాదించేవారు. ఆ వాదనలో కొంత పస ఉండేది. రికార్డు చేసిన పాఠాలు వేలమందికి చూపించే చోట ఖాళీ అయ్యే సీటు ఎక్కడుంది? కౌన్సెలర్ కమిషను, ప్రకటన ఖర్చు, రుణ సంస్థకు ముందే వదులుకున్న వడ్డీ వంటి నష్టాలు వాళ్లకు కొంత ఉన్నమాట నిజం. వాటి లెక్క చూపించాల్సింది వాళ్లు.

లెక్క అంటే మేమూ వేశాం. కోర్సు 48 వారాలు. విన్నవి 5. దామాషాగా ఫీజు 12,500, దాని మీద జీఎస్టీ 2,250, మొత్తం 14,750. చేరేటప్పుడు 9,600, తర్వాత మొదటి వాయిదా 5,500, వెరసి 15,100 అప్పటికే కట్టేసింది. అంటే ఏ మోసమూ జరగలేదనుకున్నా, తనకే 350 రూపాయలు తిరిగి రావాలి. కోచింగ్ కేంద్రాలకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ దామాషా పద్ధతినే చెప్పాయి, మిగిలింది 10 రోజుల్లో ఇమ్మన్నాయి. అమలు రాష్ట్రాల చేతిలో ఉన్నా, వాదనకు అది మంచి కొలబద్ద.

అయితే ఈ లెక్కలో ఒక గొయ్యి ఉంది. మా మేనకోడలు ఎక్కడా ‘మానేస్తున్నాను’ అని రాయలేదు. నా దగ్గరికి వచ్చేనాటికి పద్నాలుగో వారం. నోటీసు అందిన రోజే మానేసిన రోజు అని సంస్థ పట్టుబడితే, 14 వారాలకు 35,000, జీఎస్టీతో 41,300 అవుతుంది. తేడా 26,550. తొమ్మిది వారాల మౌనం ఖరీదు అది. లాగిన్ ఆపేయడం మానేయడం కాదు. వాళ్ల పుస్తకాల్లో మీరు ఇంకా విద్యార్థే, మీటరు తిరుగుతూనే ఉంటుంది. అదృష్టం కొద్దీ, చివరి క్లాసు రోజున కౌన్సెలర్‌కు కోపంగా పెట్టిన మెసేజి ఒకటి మిగిలింది: ‘మీకు గుర్తింపు లేదని తెలిసింది, ఇక నేను రాను’. తేదీ, సమయంతో సహా. కోపం కూడా ఒక్కోసారి దస్తావేజు అవుతుంది.

బడి వేషం, కొట్టు వేషం

ఇక వినియోగదారుల కమిషన్. అక్కడికి వెళ్తామనగానే సంస్థ లాయరు మొదట అనే మాట: “మాది విద్యాసంస్థ. విద్య వినియోగదారుల చట్టం కిందికి రాదు.” దీనికి ఆధారం లేకపోలేదు. 2010లో సుప్రీంకోర్టు మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో ఆ దిశగానే చెప్పింది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ విస్తృత ధర్మాసనం మను సోలంకి కేసులో విద్యాసంస్థలు ఈ చట్టం పరిధిలోకి రావని తేల్చింది. ఆ తీర్పు మీద అప్పీలు సుప్రీంకోర్టుకు చేరింది. కానీ అదే తీర్పులో ఒక తలుపు తెరిచే ఉంది: కోచింగ్ సంస్థలకు ఆ మినహాయింపు లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ రసీదు చూడండి. చట్టం గుర్తించిన అర్హత కోసం పాఠ్యప్రణాళికలో భాగంగా చదువు చెప్పే విద్యాసంస్థ, తన విద్యార్థికి అందించే సేవ మీద జీఎస్టీ వేయనక్కర్లేదు. 2017 నుంచీ ఆ మినహాయింపు ఉంది. వీళ్లు 18 శాతం వేశారు. రసీదులో చిన్న అక్షరాల్లో ఒక కోడు కూడా ఉంది: 999293. జీఎస్టీ పట్టికలో దాని అర్థం వ్యాపార శిక్షణ, కోచింగ్ సేవలు. అంటే పన్ను అధికారి ముందు ‘మాది కొట్టు’ అని తమ చేత్తోనే రాసిచ్చారు. కమిషన్ ముందుకు రాగానే ‘మాది బడి’ అంటారు. రెండు వేషాలూ ఒకేసారి కుదరవని గట్టిగా వాదించవచ్చు. ఈ వ్యవహారమంతటిలో నాకు అన్నిటికంటే నచ్చిన కాగితం ఆ రసీదే. జీఎస్టీ వేయడం తప్పని కాదు, నిజాయితీగల కోచింగ్ కేంద్రాలూ వేస్తాయి. అసలైన విశ్వవిద్యాలయం తరఫున పనిచేసే కంపెనీ కూడా తన సేవా రుసుము మీద వేయవచ్చు. అందువల్ల అది ఒంటరిగా రుజువు కాదు, మిగతా కాగితాలతో కలిసి బలం.

లేని గుర్తింపును ఉన్నట్టు ప్రకటించిన సంస్థల విషయంలో సుప్రీంకోర్టు 2009 నాటి తీర్పు ఒకటుంది. బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసు అది. విశ్వవిద్యాలయ అనుబంధం, దంతవైద్య మండలి గుర్తింపు లేకుండానే ఉన్నట్టు ప్రకటనలిచ్చి విద్యార్థులను చేర్చుకున్నారు. ఫీజు వడ్డీతో తిరిగి ఇవ్వాలని, పరిహారం కూడా చెల్లించాలని వినియోగదారుల కమిషన్ ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. లాయరు ‘విద్య సేవ కాదు’ అన్నప్పుడు ఎదురు పెట్టాల్సిన తీర్పు ఇదే.

2019 నాటి వినియోగదారుల చట్టంలో విశాఖవాసికి పనికొచ్చే వెసులుబాటు ఇంకొకటి ఉంది. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు వేయవచ్చు. తగాదాలన్నీ ఫలానా నగరం కోర్టులకే అని పత్రంలో రాసుకున్నా, గాజువాక అమ్మాయి విశాఖ జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. తగాదాను ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా కమిషన్ దారి మూసుకుపోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్, 5 లక్షల వరకు ఫిర్యాదు రుసుము లేదు, గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయడం మంచిది. అది తీర్పు ఇవ్వదు, సంస్థకు పంపి జవాబు అడుగుతుంది. పరువు గురించి కాస్త ఆలోచించే సంస్థలు ఆ మెట్టు మీదే దిగివస్తాయి.

అప్పు విడిగా ఉంది

అందరూ పొరబడేది ఇక్కడే. సున్నా వడ్డీ వాయిదాలు అని చెప్పింది సంస్థ, అప్పిచ్చింది మాత్రం వేరే కంపెనీ. మిగతా 1,32,000లో ముందే వదులుకున్న వడ్డీ పోగా మిగిలింది ఆ కంపెనీ నుంచి సంస్థ మొదటి రోజే తీసేసుకుంది. మా మేనకోడలు 24 నెలలు 5,500 చొప్పున కట్టాల్సింది సంస్థకు కాదు, ఆ కంపెనీకి. సంస్థతో పోట్లాడి వాయిదా ఆపేస్తే, కంపెనీ దృష్టిలో అది మామూలు ఎగవేతే.

పైగా ఖాతా ఖాళీగా ఉంచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, డబ్బు చాలక ఆటో డెబిట్ వెనక్కి పోవడం చెక్కు బౌన్సు లాంటిదే. అప్పిచ్చినవారు లిఖితపూర్వక నోటీసు ఇచ్చాక 15 రోజుల్లో కట్టకపోతే కేసు పెట్టవచ్చు. ముందుగా కంపెనీకి, సంస్థకు ఒకే రోజు, ఒకే ఈమెయిలులో రాయాలి: ఫలానా తేదీన మానేశాను, కారణమిది, రుణం రద్దు చేసి సొమ్మును సంస్థ నుంచి రాబట్టుకోండి, ఈ తగాదా తేలేదాకా వాయిదాలు నిలపండి. వాళ్లు ఒప్పుకోకపోతే, కట్టగలిగిన స్తోమత ఉంటే, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి కట్టడమే క్షేమం. స్తోమత లేకపోతే కమిషన్‌లో ఫిర్యాదుతో పాటే, తీర్పు వచ్చేదాకా వాయిదాలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరాలి.

రుణపత్రంతో పాటు ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. జరిమానా లేకుండా అప్పు వదులుకునే తొలి గడువు అందులో ఉంటుంది. అది కొద్ది రోజులే, చాలామందికి తెలిసేసరికి దాటిపోతుంది. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వసూలు ఏజెంట్లు పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. మీ అత్తగారికో, ఆఫీసులో మేనేజరుకో చేయడం అసలే కూడదు. పోలీసులు వచ్చి పట్టుకెళ్తారన్న మాట ఉత్త బెదిరింపు. కానీ నిజమైన కోర్టు సమన్లు వస్తే చెత్తబుట్టలో వేయకూడదు. వాట్సాప్‌లో వచ్చే లోక్ అదాలత్ నోటీసు నిజమో కాదో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే తేలిపోతుంది.

విదేశీ సంస్థ అయితే కాగితపు హక్కులు ఉన్నా వసూలు కష్టం. అక్కడ క్రెడిట్ కార్డు మీద కట్టి ఉండటమే బలం. సేవ అందలేదని, చెప్పింది వేరు ఇచ్చింది వేరని కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాసి సొమ్ము వెనక్కి కోరవచ్చు. సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది కాబట్టి నాన్చకూడదు. అమెరికా సంస్థకు గుర్తింపు ఉందో లేదో ఆ దేశపు విద్యాశాఖ జాబితాలో ఉచితంగా చూసుకోవచ్చు.

మేము రాసిన ఉత్తరం ఒక పేజీ దాటలేదు. మానేసిన తేదీ, కౌన్సెలర్ వాక్యం, రసీదులోని కోడు, దామాషా లెక్క, అడిగేది ఏమిటి, జవాబుకు 15 రోజులు. అమ్మాయి రాసిన రెండు పేరాల తిట్లు కొట్టేశాను. కౌన్సెలర్‌తో సంభాషణ మొత్తాన్ని ఎగుమతి చేసి దాచాం. కమిషన్‌లో దాఖలు చేయాల్సివస్తే, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి, అందుకని ఆ ఫోను అమ్మవద్దని, రీసెట్ చేయవద్దని చెప్పాను.

పద్దెనిమిదో రోజున సంస్థ నుంచి ఈమెయిలు వచ్చింది. ‘విద్యార్థి శ్రేయస్సును దృష్టిలో పెట్టుకుని’ రుణాన్ని మూసేస్తారట, కట్టిన 15,100 మాత్రం తిరిగి ఇవ్వరట. చెల్లుతుందని అబద్ధం చెప్పి చేర్చుకున్నారు కనుక మొత్తం అడగాలని, కమిషన్‌కు వెళ్దామని నేనన్నాను. “కమిషన్‌లో ప్రతి వాయిదాకూ నాకు సెలవు ఎవరిస్తారు మామయ్యా?” అంది. వీడియోలో హాజరు కావచ్చని చెప్పినా వినలేదు. సరే, సంతకం పెట్టే ముందు ఒక్క మాట మార్పించాను: రుణ ఖాతా స్థితి ‘సెటిల్డ్’ అని కాకుండా ‘క్లోజ్డ్’ అని నమోదు కావాలి. మొదటి మాటకు అర్థం అప్పు పూర్తిగా తీరలేదని. అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్‌లో అది పడితే, రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు మేనేజరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఆ కుర్చీలో కూర్చుని నేనూ అడిగినవాణ్ణే.

బాకీ లేదన్న పత్రం వచ్చింది. సిబిల్‌లో మాత్రం వెనక్కి పోయిన రెండు వాయిదాలు ఎగవేతగానే ఉన్నాయి. సరిచేయమని రాశాం. 30 రోజులు దాటితే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని నియమం. ఇరవయ్యారో రోజున సరిచేశారు, ఆ వందలు దక్కలేదు. ఆ 350 కూడా.